యాభయ్యారు సెకన్ల నిమిషం

నీష్ నగరంలో ఒక నాలుగో అంతస్తు ఫ్లాటు. సెయింట్ నికోలా పండగ మధ్యాహ్నం, ముందుగది నిండా చుట్టాలు. వెనక చిన్నగదిలో అన్నాచెల్లెళ్ళు, వాళ్ళ మధ్య ఒక కంప్యూటర్.

"ఓడిపోయింది నువ్వు, తిట్లేమో నా కంప్యూటర్‌కా? దీనికి దేశంలో ఫస్ట్ ర్యాంకు దున్యా, ఫస్ట్! చల్లబరచడానికి నైట్రోజన్ గిట్రోజన్ ఏం పొయ్యకుండా, మామూలు ఫ్యాన్ల మీద, సెర్బియా మొత్తానికి ఫస్ట్!"

"ఓడిపోవడం నాకేం కొత్త కాదులే అన్నయ్యా. కానీ నిన్న రెండు గంటల్లో పందొమ్మిది సార్లు చచ్చా. పందొమ్మిది! గోడ దాకా పరిగెడతానా, టక్కున వెనక్కి. మళ్ళీ పరిగెడతా, మళ్ళీ వెనక్కి. ఎవడో జడ పట్టుకుని లాగినట్టు."

"ఇంటర్నెట్ బాగాలేదేమో."

"నా డొక్కు ల్యాప్‌టాప్‌కీ అదే ఇంటర్నెట్. దాని మీద ఒక్కసారి కూడా లాగలేదు."

"అయితే ఆటే సరిగ్గా రాయలేదు వాళ్ళు."

"ఆట బాగాలేదు, ఇంటర్నెట్ బాగాలేదు, నేను బాగాలేను. నీ పెట్టె ఒక్కటే బంగారం. నన్నడిగితే బాగాలేనిది నీ టెస్టు."

"ఏమన్నావ్?"

"టెస్టు. రోజూ పెట్టుకుని మురిసిపోతావే, ఆ డ్రాగన్ బొమ్మ. మూడు నిమిషాలు ఎగురుతుంది, చివర్లో ఒక నంబరొస్తుంది, నువ్వు గంతులేస్తావ్. అందులో ఎవడైనా నిన్ను కాలుస్తాడా? ఎవడైనా అడ్డమొస్తాడా? ఖాళీ రోడ్డు మీద బండి తోలేసి డ్రైవింగ్ వచ్చేసిందన్నట్టుంది."

"ఖాళీ రోడ్డే కావాలే పిచ్చిదానా! దాని గొప్పే అది! ఆట అనేది ఒక్కో రోజు ఒక్కోలా ఉంటుంది. ఇవాళ నువ్వు వంతెన మీద నిలబడతావ్, రేపు బురదలో పాకుతావ్. ఇవాళ నలుగురొస్తారు, రేపు నలభై మందొస్తారు. దేన్ని పట్టుకుని దేంతో పోలుస్తావ్? టెస్టులో డ్రాగన్ ఎప్పుడూ అదే డ్రాగన్. అదే కొండ, అదే మంట, అదే దారి. టోక్యోలో ఎవడో పెట్టినా అంతే, నీష్‌లో నేను పెట్టినా అంతే. అందుకే బొమ్మలు గీసే ఏ గ్రాఫిక్స్ కార్డు ఎంతో, ఏది దేనికన్నా ఎంత మెరుగో అణా పైసలతో తేలిపోతుంది."

"నాకూ తేలిపోయిందిగా. నా డొక్కుదాని మీద హాయిగా ఉంది, నీ ఫస్ట్ ర్యాంకు మీద నరకంలా ఉంది."

"హాయి అనేది కొలతా? ఎంత హాయి? కిలోల్లో చెప్పు, లీటర్లలో చెప్పు."

"చేపల పులుసులో ఉప్పెక్కువైతే నువ్వు అమ్మకి కిలోల్లో చెప్తావా? మొహం మాడ్చుకుంటావ్, అంతేగా."

"నాకు నా మొహం మీద నమ్మకం లేదే, నంబరు మీద ఉంది. నలభయ్యొక్కవేల ఎనిమిదొందల డెబ్భై. అంతే. ఇంక మాట్లాడకు."

"ఇంకొక్క మాట—"

"వద్దు."

"ఒక్కటే. గడియారం—"

"ఒరేయ్ రెల్యా! రెల్యా! తలుపు తియ్యరా, లేకపోతే కనీసం విను. వెలిబోర్ గారొచ్చార్రా!"

"ఎవరూ? అమ్మా, ఎవరొచ్చారన్నావ్?"

"వెలిబోర్ గారు. బెల్‌గ్రేడ్ ల్యాబు ఆయన. నీకు ఉద్యోగమిచ్చే ఆయన!"

"ఆయన్నెవరు పిలిచారమ్మా!"

"పండక్కి ఎవరన్నా పిలుస్తార్రా? తలుపు తీసుంటే వస్తారు. ఆయన అత్తగారిది ఇక్కడే, స్టేషన్ వెనక వీధి. వాళ్ళింట్లోనూ ఇవాళే నికోలా. అక్కడ తిన్నారు, ఇంకెవరింట్లోనో తిన్నారు, మనది మూడో ఇల్లంట. అయినా మన చేప రుచి చూసి, ఇంత మంచి చేప పొద్దుట్నించీ తినలేదన్నారు. మర్యాదస్తుడు."

"అమ్మా, అది సరే, ఆయన ఏమంటున్నారు?"

"తినడం అయిపోగానే నీ దగ్గరికొస్తారట. నువ్వేదో ఫస్టొచ్చావు కదా, అది కళ్ళారా చూసి సంతకం పెడతారట. కాయితం జేబులోనే ఉంది, నేను చూశా. మీ నాన్న అప్పుడే రదోయె మావయ్యకి మూడోసారి చెప్తున్నాడు, మా వాడు సోమవారం నుంచి బెల్‌గ్రేడ్ అని."

"విన్నావా దున్యా, కాయితం జేబులోనే ఉందంట! అమ్మా, పది నిమిషాలాగమను. కాదు కాదు, ఐదు. నేను సిద్ధం. ఆయన నెమ్మదిగా తినమను."

"బయటికొచ్చి ఆయనకో నమస్కారం పెట్టొచ్చుగా?"

"ఎలా రావాలమ్మా? తలుపు దాకా బల్లేశారు మీరు. నేను బయటికి రావాలంటే మేనత్తలు ముగ్గురూ, మావయ్యలు ముగ్గురూ లేచి నిలబడాలి."

"సరేలే, అక్కడే ఉండు. చొక్కా మాత్రం మార్చుకో. ఆ బొమ్మల చొక్కాతో ఆయనకి కనపడకు."

"దున్యా, చూశావా? చూశావా? కళ్ళారా చూసి సంతకం పెడతారంట. ఆరేళ్ళే! ఆరేళ్ళు కార్లకి తీగలు కట్టలు కట్టా ఆ ఫ్యాక్టరీలో. ఎర్రది, పసుపుది, నల్లది, టేపు చుట్టు. ఎర్రది, పసుపుది, నల్లది, టేపు చుట్టు. కల్లో కూడా అదే. ఇంక చాలు. శుక్రవారం రాజీనామా మొహాన కొట్టొచ్చా."

"రాజీనామా ఇచ్చేశావా? ఇక్కడ సంతకం కాకుండానే?"

"సోమవారం చేరమన్నారుగా! నోటిమాటగా అన్నారు. రికార్డు జాబితాలో నా పేరు చూసి ఆయనే ఫోన్ చేశారే, నేను అడుక్కోలేదు. 'పట్టుమని పాతికేళ్ళు లేవు, నా రికార్డు కొట్టేశావు, ఎవరయ్యా నువ్వు' అన్నారు."

"ఆయన రికార్డా నువ్వు కొట్టింది?"

"మరి? మూడేళ్ళుగా ఆయనే ఫస్టు. ఇప్పుడు ఆయన సెకండు, నేను ఫస్టు. అయినా కోపం లేదు, ఉద్యోగమిస్తానన్నారు. అదీ మనిషంటే. వాళ్ళ ల్యాబు పట్టిక దేశంలో ప్రతి కంప్యూటర్ షాపు గోడ మీదా ఉంటుంది తెలుసా? ఏ కార్డు కొనాలో జనం దాన్ని చూసే కొంటారు. ఆ పట్టికలో అంకెలు వేసేది సోమవారం నుంచి నేను!"

"అన్నయ్యా."

"ఆ తెల్ల చొక్కా అందుకో."

"అన్నయ్యా, ఇది ముందు విను. నిన్న నాలుగింటికి మా క్లాసు యెలెనా వాళ్ళతో కొత్త ఆట మొదలెట్టాలి. నేను నీ స్క్రీన్ మీద గడియారం చూశా. ఇంకా ఏడు నిమిషాలుంది కదా అని నీళ్ళు తాగడానికెళ్ళా. వచ్చేసరికి వాళ్ళు మొదలెట్టేశారు. యెలెనా నన్ను తిట్టిన తిట్టు అమ్మ వింటే ఇవాళ దాన్ని పండక్కి రానివ్వదు."

"అయితే?"

"నా ఫోన్లో నాలుగు. నీ దాంట్లో నాలుగుకి ఏడు నిమిషాలు తక్కువ."

"బ్యాటరీ అయిపోయుంటుంది లోపల. చిన్నది, గుండ్రంగా ఉంటుంది. మారుస్తా."

"నేనూ అదే అనుకున్నా. ఆపేసి మళ్ళీ ఆన్ చేశా. సరైన టైమే చూపించింది. బ్యాటరీ పోతే సరైన టైమెలా వస్తుంది? మళ్ళీ గంట ఆడా. మళ్ళీ వెనకబడింది. నాలుగు నిమిషాలు, కాస్త అటూ ఇటుగా."

"దున్యా, ఇప్పుడా? ఆయన చేప తింటున్నాడు, నువ్వు నాకు గడియారాలు చెప్తున్నావా?"

"ఒక్క నిమిషం పట్టే పని. నా ఫోన్లో స్టాప్‌వాచ్ పెడతా, నువ్వు దాంట్లో పెట్టు. ఒకేసారి నొక్కుదాం."

"పిచ్చి పని."

"పిచ్చి పనే. నొక్కు. ఒకటి, రెండు, మూడు!"

"...నొక్కా. చూడు, రెండూ పరిగెడుతున్నాయి. బానే ఉన్నాయి."

"ఆగు."

"ఆ మేనత్త నవ్వేంటి, గోడలదిరిపోతున్నాయి."

"స్క్రీన్ చూడు."

"చూస్తున్నా. ఇరవై. నీదెంత?"

"ఇరవయ్యొకటి దాటింది."

"నువ్వు ముందు నొక్కావ్."

"సరే నేను ముందే నొక్కాననుకో. ఆగు. ఆగు... అరవై! ఆపు! నీదెంత?"

"యాభయ్యారు."

"ఒక్క నిమిషానికి నాలుగు సెకన్లు."

"మళ్ళీ పెట్టు. మళ్ళీ, మళ్ళీ. నేను సరిగ్గా నొక్కలేదు."

"ఎన్నిసార్లయినా పెడతా. నొక్కు."

"...యాభయ్యారు. అయ్యో. అయ్యో అయ్యో అయ్యో."

"అంటే ఏంటి? నాకు అర్థమయ్యేలా చెప్పు. అన్నయ్యా, కూర్చో. మొహం అలా పెట్టకు."

"నేను దీన్ని వేగం పెంచి లేపుతా. అంటే ఆన్ చేసేటప్పుడే లోపలి వేగం పైకి పెట్టి ఆన్ చేస్తా. అర్థమైందా? అది లేవగానే ఒక పని చేస్తుంది. తన గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటే ఒక సెకనో లెక్కేసి పెట్టుకుంటుంది. ఆ తర్వాత మళ్ళీ లెక్కెయ్యదు. రోజంతా అదే లెక్క."

"సరే."

"లేచాక నేను వేగం కొంచెం తగ్గిస్తా. తనంతట తనే తగ్గేలా పెట్టేశా, అందుకే నువ్వు ఆన్ చేసినా తగ్గిపోతుంది. తగ్గిస్తే వేడెక్కదు, నిలకడగా ఉంటుంది, అందుకే స్కోరు పెరుగుతోందనుకున్నా."

"తగ్గిస్తే పెరగడమేంటి? అదెప్పుడూ వింతగా అనిపించలేదా నీకు?"

"అనిపించింది."

"మరి?"

"నంబరు పెరిగిందే! పెరిగితే ఎవడు అడుగుతాడు? తక్కువొస్తే పది రోజులు తవ్వుతా, ఎందుకొచ్చిందా అని. ఎక్కువొస్తే... ఎక్కువొస్తే స్క్రీన్ ఫోటో తీసి పంపించేశా."

"అంటే గుండె నెమ్మదయింది, లెక్క మాత్రం పాతదే."

"అవును. సెకను సాగిపోయింది. దాని నిమిషం నిజం నిమిషం కన్నా పొడుగు."

"టెస్టు సెకనుకి ఎన్ని బొమ్మలు గీసిందో లెక్కపెడుతుందంటావు కదా. సెకను ఎంతో ఎవర్నడుగుతుంది?"

"కంప్యూటర్నే."

"ఎవరి పరీక్షయితే పెడుతోందో వాళ్ళనేనా?"

"వాళ్ళనే."

"మరి ఆటలో?"

"ఆటలో అవతల ఎక్కడో సర్వరుంటుంది. దాని గడియారం దానిది. మిగతా నలభై మంది గడియారాలు వాళ్ళవి. నువ్వొక్కదానివే సాగిన సెకన్లలో బతుకుతున్నావ్, నీ లెక్క వాళ్ళ లెక్క కలవక నిన్ను గుంజి పడేస్తోంది. పందొమ్మిది సార్లు."

"జడ పట్టుకుని లాగింది అదా."

"అదే."

"హమ్మయ్య. నేను చెడ్డగా ఆడుతున్నాననుకున్నా."

"నువ్వు చెడ్డగానే ఆడతావు. అది వేరే సంగతి."

"ఇప్పుడు కూడా తిడతావా! సరే, నిజం స్కోరెంత?"

"ఆగు. అరవైలో యాభయ్యారు... ముప్ఫై తొమ్మిదివేల చిల్లర."

"అది ఎన్నో స్థానం?"

"పదకొండో పన్నెండో. ఎవడూ చూడని చోటు. ఎవడూ ఫోన్ చేసి ఉద్యోగమివ్వని చోటు. ఇంకేం, నేనే కరెక్టన్నాగా అను దున్యా."

"అనను. అన్నయ్యా, విను, చెప్పకు."

"ఏంటి?"

"ఆయనకి చెప్పకు. నాకు తెలుసు, నీకు తెలుసు, అంతే. టెస్టు పెట్టు, డ్రాగన్ ఎగురుతుంది, నంబరొస్తుంది, ఆయన సంతకం పెడతాడు, వెళ్ళిపోతాడు. ఉద్యోగంలో చేరాక నువ్వు మంచిగా చేసుకుంటావ్. నువ్వు దొంగవి కాదుగా. తెలీక చేశావు."

"ఇందాకటి దాకా తెలీక. ఇప్పుడు తెలుసుగా."

"నేను నోరెత్తి ఉండకూడదు. ఇవాళ ఎత్తి ఉండకూడదు. ఛీ, రేపు చెప్పాల్సింది."

"నువ్వు చెప్పబోతుంటే ఆపింది నేనే."

"నువ్వు రాజీనామా ఇచ్చావని నాకు తెలీదన్నయ్యా! తెలిస్తే పందొమ్మిది కాదు, తొంభై సార్లు చచ్చినా మాట్లాడేదాన్ని కాదు."

"ప్లగ్గు పీకేస్తే? కరెంటు పోయిందంటే?"

"ఇల్లంతా దీపాలు వెలుగుతున్నాయి. ఫ్రిజ్ మోగుతోంది."

"కార్డు కాలిపోయిందంటే?"

"వాసన రాలేదంటాడు. ఆయన పని అదేగా."

"కిటికీలోంచి దూకితే?"

"నాలుగో అంతస్తు. కింద చేపలమ్మే వాడి తొట్టి ఉంది. బతికితే అమ్మ నిన్ను వండేస్తుంది."

"నవ్వించకు దున్యా, ఏడుపొస్తోంది. ఫ్యాక్టరీకి తిరిగెళ్తే వాళ్ళు తీసుకుంటారా?"

"మొహాన కొట్టొచ్చానన్నావుగా."

"కాయితం బల్ల మీద పెట్టానంతే. కానీ కొంచెం గట్టిగా పెట్టా."

"ఒరేయ్, లోపలికొస్తున్నారు! దారివ్వండి, దారివ్వండి. రదోయె, నీ కుర్చీ జరుపు. ఇదిగోండి వెలిబోర్ గారూ, ఇదే మా వాడి గది, సర్దలేదు, ఏమనుకోకండి. ఈ తియ్యగోధుమలు పట్టుకెళ్ళండి, ఒక్క చెంచా అయినా తినాలి, పండగ."

"తింటానమ్మా, తింటా. అమ్మో, మూడిళ్ళ గోధుమలు నా పొట్టలో కలిసి పండగ చేసుకుంటున్నాయి. ఏవయ్యా రెల్యా! నువ్వేనా? నేను గడ్డం ఉంటుందనుకున్నా!"

"నమస్కారం వెలిబోర్ గారూ. ఇది మా చెల్లెలు, దున్యా."

"నమస్కారం అంకుల్."

"ఏమ్మా, మీ అన్న కంప్యూటర్ మీద ఆటలాడతావా?"

"ఆడతానండీ. అంటే... ఆడనండీ. తక్కువ."

"ఆడకు. ఆటలతో ఏం తెలుస్తుంది? ఇవాళొకలా రేపొకలా. ఏది మీ తలుపు, వేసేయమ్మా, ఆ గోలలో నా మాట నాకే వినపడ్డం లేదు. ఆ, ఇప్పుడు నాన్నా, పెట్టు చూద్దాం. అడిగానని ఏమనుకోకు. వచ్చినవాళ్ళు బోలెడుమంది, ఫోటో చూపించి మోసం చేసిన వాళ్ళూ ఉన్నారు. కళ్ళారా చూస్తే నాకు నిద్రపడుతుంది."

"పెడతానండీ."

"భయపడకు, నేను కొరకను. ఆ, కొండొచ్చింది! నాకీ కొండంటే ప్రాణం. ఎన్ని వేల సార్లు చూశానో, మా ఆవిడ మొహం కూడా అన్నిసార్లు చూసుండను. డ్రాగన్... మంట... అబ్బ, ఎంత నున్నగా వెళ్తోందయ్యా! చూడమ్మా, చూడు, రెక్క చూడు!"

"చూస్తున్నా అంకుల్."

"వచ్చేస్తోంది, వచ్చేస్తోంది... నలభయ్యొక్కవేల ఎనిమిదొందల తొంభై! ఇంకో ఇరవై పెరిగింది! ఏవయ్యా, నా ముందే నీ రికార్డు నువ్వే కొట్టావు! పెన్నుందా? కాయితం ఇదిగో. ఎక్కడ పెట్టుకుని రాయాలి, ఈ కీబోర్డు జరుపు."

"వెలిబోర్ గారూ."

"చెప్పు."

"అన్నయ్యా, పెన్ను నా దగ్గరుంది, నేనిస్తా, నువ్వు ఆగు."

"వద్దే. వెలిబోర్ గారూ, సంతకం పెట్టకండి. ఆ నంబరు తప్పు."

"తప్పా? ఇప్పుడే చూశాగా."

"కంప్యూటర్ గడియారం నెమ్మదిగా నడుస్తోందండీ. నిమిషానికి నాలుగు సెకన్లు. నేను కావాలని చెయ్యలేదు, ఇందాకే తెలిసింది, మా చెల్లెలి వల్లే తెలిసింది. మీ చేతికి వాచీ ఉందిగా, మీరే చూడండి. నేను కంప్యూటర్లో స్టాప్‌వాచ్ పెడతా, మీరు మీ వాచీలో నిమిషం చూడండి."

"ఏం మాటలయ్యా ఇవి, పండగపూట."

"ఒక్క నిమిషమండీ. దయచేసి. ముల్లు పన్నెండు మీదకి రాగానే చెప్పండి."

"...ఊఁ. ఇప్పుడు."

"నొక్కా."

"ఇదంతా అనవసరం బాబూ. కొంతమందికి గెలిచాక భయమేస్తుంది, నాకూ వేసింది అప్పట్లో, నిద్రపట్టేది కాదు, నేనూ ఇలాగే... ఆగు. ఆగాగు. నా ముల్లు వచ్చేసింది. అరవై అయింది. నువ్వింకా యాభయ్యారు దగ్గరున్నావేం?"

"అదేనండీ చెప్తోంది."

"వాచీ తప్పేమో."

"నా ఫోనూ అంతే చూపిస్తోంది అంకుల్."

"నువ్వు మాట్లాడకమ్మా. రెల్యా, దీన్ని ఎలా లేపావు?"

"వేగం పైకి పెట్టి లేపి, లేచాక తగ్గించానండీ. అలా చేస్తే లోపలి గడియారం—"

"నాకు తెలుసు ఏమవుతుందో. ఇప్పుడు నువ్వంటుంటే తెలుస్తోంది. దేవుడా. ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నావు నువ్వు?"

"మీ దగ్గరేనండీ."

"నా దగ్గరా?"

"మీ ల్యాబు పేజీలో మీరే రాశారు కదా. 'పైకి పెట్టి లేపండి, లేచాక దించండి, నిలకడగా ఉంటుంది' అని. మూడేళ్ళ క్రితం. నేను ఒక్క అక్షరం మార్చలేదు. మీరు రాసింది రాసినట్టే చేశా."

"అంకుల్, కూర్చోండి. నీళ్ళు కావాలా?"

"మూడేళ్ళు. రెండొందల పైన కార్డులు. ప్రతి ఒక్కటీ ఇలాగే పరీక్షించాం. ఆ పద్ధతి నాకెంత నచ్చిందంటే, గోడకి అంటించాను ల్యాబులో. కొత్తగా చేరినవాడికి మొదటి రోజు అదే నేర్పిస్తాం. నీకూ సోమవారం అదే నేర్పేవాణ్ణి."

"అయితే మీ రికార్డు కూడా..."

"నా రికార్డు సంగతి వదిలెయ్. పట్టిక. పట్టిక ఆలోచించు. సరే, ఆగు, కంగారు పడకు. అన్నీ ఒకేలా పరీక్షించాం కదా? అన్నిటికీ అదే ఎక్కువ కలిసింది. అంటే ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది మారదు. వరస వరసే. అవునా? ఎవరికేం నష్టం?"

"అన్నీ కాదండీ. మూడేళ్ళకి ముందువి పాత పద్ధతిలో చేశారు. అవి పట్టికలో ఇంకా ఉన్నాయి. వాటికి ఎక్కువ కలవలేదు."

"అవి పాత సరుకు."

"మా ఇంట్లో ఉండేది ఆ పాత సరుకే అంకుల్. అన్నయ్య మీ పట్టిక చూసి అది తీసేసి దీన్ని కొన్నాడు. కొత్తది బాగా ఎక్కువని మీ పట్టికలో ఉందని. మా క్లాసులో సగం మంది అలాగే మార్చారు."

"ఎక్కువే కదమ్మా. కొంత నిజంగానే ఎక్కువ."

"ఎంత కొంతండీ?"

"నూటికి ఏడు కలిసింది దున్యా, ఊరికే. కొత్తవన్నిటికీ. చాలా వాటికి తేడాయే ఆ ఏడు."

"రెల్యా. నాన్నా. ఇలా రా, కూర్చో. నువ్వు నిజం చెప్పావు, నాకు నచ్చింది. చాలామంది చెప్పరు. ఉద్యోగం నీదే. ఇదిగో సంతకం, పెట్టేశా, చూడు. సోమవారం రా. పద్ధతి మారుద్దాం, మెల్లగా. వసంతంలో టెస్టు కొత్తది వస్తుంది, అప్పుడు పట్టికంతా మొదట్నించీ మళ్ళీ చేద్దాం. కొత్త టెస్టు, కొత్త అంకెలు, పాతవి తీసేశాం అంటాం. ఎవరూ ఏమీ అడగరు. ఎవరి పరువూ పోదు. నీ రికార్డు కూడా అప్పటిదాకా నీ దగ్గరే ఉంటుంది."

"అప్పటిదాకా ఏం చెప్పాలండీ, అడిగిన వాళ్ళకి?"

"ఏ కార్డు కొనాలని అడిగితే పట్టిక చూడమను. అదేగా మన పని. ఇది మన ముగ్గురి మధ్యే ఉండాలి. అమ్మాయీ, నీకూ చెప్తున్నా. మీ అన్న బతుకు ఇది."

"అన్నయ్యా..."

"కాయితం తీసుకో రెల్యా. తీసుకో. చెయ్యి చాపు."

"ఒరేయ్ రెల్యా! వెలిబోర్ గారూ! అయిందాండీ? మా ఆయన గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు, మా వాడి ఉద్యోగం గురించి నాలుగు మాటలు చెప్తాడట. అందరూ మీ కోసమే చూస్తున్నారు!"

"అయిందమ్మా, అయింది, వస్తున్నాం! చెప్పు నాన్నా, అయిందని మీ అమ్మకి నువ్వే చెప్పు."

"అమ్మా! నాన్నని ఆ గ్లాసు కింద పెట్టమను. ముందు చేతికి వాచీ ఉన్నవాళ్ళందర్నీ ఇక్కడికి పంపించు."